ఈతా, సైకిలా, పరుగా? ఉద్యోగం చేసుకుంటూ ట్రయాథ్లాన్‌కు తయారయ్యేవాళ్ళు దేనివైపు మొగ్గాలి

ఉద్యోగం, ఇల్లు, పిల్లల స్కూలు అన్నీ పోగా ట్రయాథ్లాన్ చేసే మామూలు మనిషికి వారానికి ఏడెనిమిది గంటలు మిగులుతాయి. ట్రయాథ్లాన్ అంటే ఒకే పోటీలో వరుసగా చేసే ఈత, సైక్లింగ్, పరుగు. ఆ మూడూ అందులోనే పట్టాలి. మూడింటికీ సమానంగా పంచడం న్యాయంగానే కనిపిస్తుంది. కానీ అలా పంచుకున్నవాళ్ళు చాలామంది ఏడాది గడిచినా మూడింటిలోనూ ఉన్నచోటే ఉండిపోతారు. ఒక్కోదానికి రెండున్నర గంటలు వస్తే ఉన్నది నిలబడుతుంది తప్ప పెద్దగా పెరగదు. పెరగాలంటే కొంతకాలం ఒకదానివైపు మొగ్గాల్సిందే. ఏది అన్నదగ్గరే అందరూ తడబడతారు.

అసలు ఐరన్‌మ్యాన్ అనే పెద్ద ట్రయాథ్లాన్ పోటీ పుట్టిందే ఈ వాదనలోంచి. 1977లో హవాయిలోని ఓహూ దీవిలో, ఒక పరుగు పోటీ బహుమతుల సభ దగ్గర, రన్నర్లు గట్టివాళ్ళా స్విమ్మర్లు గట్టివాళ్ళా అన్న చర్చ లేచింది. నేవీ అధికారి జాన్ కాలిన్స్ మధ్యలో బెల్జియం సైక్లిస్ట్ ఎడ్డీ మెర్క్స్ పేరు ఎత్తి, సైక్లిస్టులను ఎందుకు వదిలేశారన్నాడు. దీవిలో అప్పటికే ఉన్న ఈత పోటీ, సైకిల్ దారి, మారథాన్ మూడింటినీ ఒకే రోజులో కలిపేద్దామని కూడా ఆయనే ప్రతిపాదించాడు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరారు, 12 మంది పూర్తి చేశారు. సైకిల్ దిగేసరికి ముందున్నది జాన్ డన్‌బార్. మారథాన్‌లో గోర్డన్ హాలర్ అతన్ని దాటి 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఈ ఆటలోకి వచ్చే ఎక్కువమంది పెద్దయ్యాక ఈత నేర్చుకున్న రన్నర్లు. వాళ్ళు ముందు ఈతను భయం, ఆయాసం లేని స్థాయికి తెచ్చుకోవాలి. అక్కడితో ఆగి, మిగిలిన మొగ్గంతా సైకిల్ వైపు చూపించాలి. పరుగును పెంచడం వాళ్ళకు అన్నిటికంటే చివర రావాలి. ఇది అందరికీ వర్తించదు. ఎవరికి వర్తించదో కూడా చెబుతాను.

గడియారం చెప్పే లెక్క

70.3 దూరాన్ని (మూడూ కలిపి 70.3 మైళ్ళు, ఐరన్‌మ్యాన్‌లో సగం) తీసుకుందాం. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మొదటిసారి చేసేవాళ్ళు ఈతలో 100 మీటర్లకు 2 నిమిషాల 30 సెకన్లు, సైకిల్ మీద గంటకు 25 కిలోమీటర్లు, పరుగులో కిలోమీటరుకు 7 నిమిషాల 30 సెకన్ల లెక్కన వెళ్తారనుకుందాం. ఈతకు 47 నిమిషాల 30 సెకన్లు, సైకిల్‌కు 3 గంటల 36 నిమిషాలు, పరుగుకు 2 గంటల 38 నిమిషాలు అవుతాయి. అంటే రోజులో సగం పైన సైకిల్ సీటు మీదే గడుస్తుంది. ఈత వాటా దాదాపు పదకొండు శాతం.

ఇప్పుడు ఒక్కోదాన్ని మెరుగుపరిచి చూద్దాం. ఈతలో 100 మీటర్లకు 30 సెకన్లు తగ్గిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు మిగులుతాయి. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళకు ఆ 30 సెకన్లు తగ్గించడం నెలల తరబడి చేసే పని. పరుగులో కిలోమీటరుకు 30 సెకన్లు తగ్గిస్తే పదిన్నర నిమిషాలు మిగులుతాయి. సైకిల్ మీద వేగం 25 నుంచి 28కి పెంచితే మిగిలేవి 23 నిమిషాలు. ఆ మూడు కిలోమీటర్లు ఊరికే రావు, గాలిని తోయడానికి పెట్టే శక్తే దాదాపు 40 శాతం పెరగాలి. అయితే అందులో కొంత భాగాన్ని కండ బలంతో కాకుండా కూర్చునే తీరు మార్చి సంపాదించుకోవచ్చు. ఈ సౌకర్యం పరుగులో లేదు.

స్ప్రింట్ దూరంలో, అంటే 750 మీటర్లు, 20, 5 కిలోమీటర్లలో, తేడాలు కొద్ది నిమిషాల్లోనే ఉంటాయి. ఒలింపిక్ దూరం 1.5, 40, 10 కిలోమీటర్లు. ఇక్కడ కూడా మొగ్గు సైకిల్ వైపే, కానీ అంత గట్టిగా కాదు.

టీవీలో ఒలింపిక్స్ చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. 2024 పారిస్‌లో అలెక్స్ యీ చివరి కొన్ని వందల మీటర్లలో హేడెన్ వైల్డ్‌ను దాటి స్వర్ణం గెలిచాడు. అది చూస్తే ట్రయాథ్లాన్ అంటే పరుగేనని అనిపిస్తుంది. అక్కడ సైకిల్ మీద ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కడానికి అనుమతి ఉంటుంది. ముందున్నవాళ్ళు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాళ్ళకు శ్రమలో పావు వంతో అంతకంటే ఎక్కువో ఆదా అవుతుంది. గుంపు మొత్తం కలిసే సైకిల్ దిగుతుంది, గెలుపు పరుగులో తేలుతుంది. మనలాంటి అమెచ్యూర్లు చేసే 70.3, ఐరన్‌మ్యాన్ పోటీల్లో అలా వెనక దాక్కుంటే పెనాల్టీ పడుతుంది. మీ గాలి మీరే చీల్చుకోవాలి. అందుకే మన స్థాయిలో సైకిల్ విలువ ఎక్కువ.

ఈత: పదకొండు శాతమే కానీ తలుపు అదే

గడియారం లెక్క ఒక్కటే చూస్తే ఈతను వదిలేయాలి. అలా వదిలేసినవాళ్ళు సైకిల్ దగ్గరకు చేరకుండానే ఇంటికి వెళ్తారు. 70.3లో ఈతకు మామూలుగా ఇచ్చే గడువు 1 గంట 10 నిమిషాలు. అంటే 100 మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు. పూల్‌లో ఇది సులువే. సముద్రంలో అలలు, పక్కవాళ్ళ మోచేతులు, దారి చూపే తేలే గుర్తు (బోయ్) కనిపించక పక్కకు కొట్టుకుపోవడం కలిస్తే, పూల్‌లో 3 నిమిషాలకు ఈదేవాళ్ళకు కూడా టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో ఊపిరి పట్టు తప్పితే వేగం కాదు, ప్రాణమే ముందు గుర్తొస్తుంది.

మన వాతావరణం ఇంకో సంగతి కలుపుతుంది. చల్లటి దేశాల్లో వెట్‌సూట్ అనే బిగుతు రబ్బరు సూట్ వేసుకుంటారు, అది మనిషిని పైకి తేలుస్తుంది. ఈత సరిగా రానివాళ్ళ కాళ్ళు మునగకుండా కాపాడేది అదే. ఐరన్‌మ్యాన్ నియమాల ప్రకారం నీరు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్‌తో బహుమతులకు పోటీపడలేరు. 2019 నుంచి 70.3 పోటీ జరుగుతున్న గోవా సముద్రం అంతకంటే బాగా వెచ్చగా ఉంటుంది. అందుకని విదేశీ కోచ్‌లు రాసిన 'ఈతను కాస్త తగ్గించినా పర్వాలేదు' అన్న సలహాను మనం ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. వాళ్ళ లెక్కలో వెట్‌సూట్ సాయం ఉంది, మన లెక్కలో లేదు.

ఈతకు వచ్చేవాళ్ళు మన దగ్గర రెండు రకాలు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కాలువల్లోనో, తెలంగాణ పల్లెల్లో వ్యవసాయ బావుల్లోనో నేర్చుకున్నవాళ్ళు ఒక రకం. వీళ్ళకు నీళ్ళంటే భయం ఉండదు, లోతు చూసి గుండె జారదు. కానీ తల పైకెత్తి, చేతులతో నీటిని బాదుతూ ఈదుతారు. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్ళు మునుగుతాయి. గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైన నీటిలో అలా ఈదడం చాలా ఖరీదైన పని. వీళ్ళకు కావాల్సింది ఒక మంచి కోచ్, రెండు మూడు నెలల ఓపిక. పాత అలవాటు మానడం కష్టమే కానీ ధైర్యం అప్పటికే ఉంది. అది ఏ కోచ్ నేర్పలేడు.

రెండో రకం ముప్పై దాటాక అపార్ట్‌మెంట్ పూల్‌లో నేర్చుకున్నవాళ్ళు. వీళ్ళ స్ట్రోక్ చూడటానికి బాగానే ఉంటుంది. కానీ పది పన్నెండు మీటర్లకు ఒకసారి గోడ పట్టుకునే అలవాటు ఉంటుంది. 400 మీటర్లు ఆగకుండా ఈదమంటే ఆగిపోతారు. వీళ్ళు పెద్ద పూల్‌కు మారాలి. హైదరాబాద్‌లో గచ్చిబౌలి లాంటి 50 మీటర్ల పూల్‌లో కొన్ని వారాలు ఈదితే తేడా తెలుస్తుంది. ఆ తర్వాత అనుభవం ఉన్నవాళ్ళ తోడుతో, లైఫ్‌గార్డ్ ఉన్నచోట, ఓపెన్ వాటర్‌లో, అంటే సముద్రంలోనో చెరువులోనో, దిగాలి. విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఒంటరిగా ప్రాక్టీస్ చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. అక్కడి ప్రవాహాలు మంచి ఈతగాళ్ళను కూడా లోపలికి లాగేస్తాయి.

ఈత వైపు మొగ్గితే గంటలు పెంచడం కాదు, సార్లు పెంచండి. ఆదివారం ఒక్కసారే రెండు గంటలు ఈదడం కంటే వారంలో నాలుగుసార్లు ముప్పావు గంట ఈదడం చాలా మేలు. నీటి మీద పట్టు త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది కూడా. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళు రెండు వారాలు మానేస్తే చేతికి నీరు తగలడమే కొత్తగా అనిపిస్తుంది.

ఎక్కడ ఆపాలి? పోటీ దూరం ఆగకుండా ఈది, బయటికొచ్చి వెంటనే మాట్లాడగలిగితే చాలు. 100 మీటర్లకు రెండున్నర నిమిషాల దగ్గర అది కుదిరితే ఇక ఈత వైపు మొగ్గక్కర్లేదు, వారానికి రెండుసార్లు నిలబెట్టుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత ఈతలో పెట్టే ప్రతి గంటకూ సైకిల్ ఎక్కువ తిరిగి ఇస్తుంది.

సైకిల్: పరుగును కాపాడేది

సైకిల్‌ను ఎంచుకోవడానికి నా అసలు కారణం ఆ 23 నిమిషాలు కూడా కాదు. 21 కిలోమీటర్ల పరుగు ఎలా ఉంటుందన్నది సైకిల్ మీదే నిర్ణయమైపోతుంది. హాఫ్ మారథాన్ రెండు గంటల్లో చేసే రన్నర్ 70.3లో అదే దూరానికి మూడు గంటలు తీసుకున్నాడంటే అతనికి పరుగు రాక కాదు. నాలుగు గంటలు తన స్థాయికి మించి తొక్కి, సరిగా తినక, తాగక, కాళ్ళు ఖాళీ చేసుకుని దిగాడు. అలాంటి మనిషి ఇంటికొచ్చి పరుగు ప్రాక్టీస్ పెంచుతాడు. మళ్ళీ అదే జరుగుతుంది. సైకిల్ మీద బలం పెరిగితే అదే వేగం తక్కువ శ్రమతో వస్తుంది, దిగాక తన పాత పరుగు తనకు దొరుకుతుంది.

ఇంకో లాభం, సైకిల్ మోకాళ్ళను, పిక్కలను అంతగా కొట్టదు. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ తగులుతుంది. సైకిల్ మీద గంటలు పెంచినా గాయాల భయం తక్కువ. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేయించుకుంటే ఇంకా తక్కువ. గుండెకు, ఊపిరితిత్తులకు మాత్రం అదే పని దొరుకుతుంది.

నష్టాలు కూడా చెప్పాలి. సైకిల్ సమయాన్ని మింగేస్తుంది. పరుగులో ముప్పావు గంటలో అయ్యే మంచి వ్యాయామానికి రోడ్డు మీద సైకిల్‌కు గంటన్నర కావాలి. తెల్లవారుజామున కుక్కలు వెంటబడతాయి, లారీలు, గుంతలు ఉంటాయి. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వచ్చాక పడమటివైపు ఉండేవాళ్ళకు కాస్త ఊరట దొరికింది. విశాఖలో భీమిలి వైపు వెళ్ళే బీచ్ రోడ్డు పొద్దున్నే బాగుంటుంది. ఇవేవీ దగ్గర లేనివాళ్ళకు ఇంట్లో ట్రైనర్, అంటే సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కే స్టాండ్, పెట్టుకోవడమే మంచి దారి. ట్రైనర్ మీద కాళ్ళు ఆపే అవకాశం ఉండదు కాబట్టి గంట తొక్కినా గట్టిగా పని చేస్తుంది. ఫ్యాన్ తప్పనిసరి.

సైకిల్ వైపు మొగ్గడం అంటే ఖరీదైన సైకిల్ కొనడం అని చాలామంది అనుకుంటారు. ముందు ఉన్న సైకిల్ ఫిట్ సరిచేయించండి, మంచి టైర్లు వేయించండి, హ్యాండిల్‌కు ఏరో బార్లు (ముందుకు వంగి మోచేతులు ఆనించే కడ్డీలు) బిగించి వాటి మీద గంటసేపు కదలకుండా కూర్చోవడం అలవాటు చేసుకోండి. గాలికి అడ్డంగా ఉండేది ఎక్కువగా మన శరీరమే, సైకిల్ కాదు. లక్షలు పోసి కార్బన్ చక్రాలు కొన్నా, నిటారుగా కూర్చుని తొక్కితే ఆ డబ్బు గాలికే పోతుంది.

పరుగు: అందరికీ ఇష్టం, కొందరికే అవసరం

బూట్లు వేసుకుని గుమ్మం దాటితే చాలు కాబట్టి, పూల్ మూసేసిన రోజూ, వాన పడ్డ రోజూ చేతికి అందేది పరుగే. మొగ్గాలని ఎవరూ నిర్ణయించుకోకుండానే పరుగు గంటలు పెరిగిపోతాయి. గాయాలు ఎక్కువగా వచ్చేది కూడా ఇక్కడే. మడమ నొప్పి, పిక్క ఎముక నొప్పి మొదలయ్యాయంటే నెల పోతుంది.

అయినా కొందరు పరుగు వైపే మొగ్గాలి. స్కూల్, కాలేజీ రోజుల్లో పోటీ ఈత చేసినవాళ్ళు వాళ్ళలో ముందుంటారు. వీళ్ళ గుండె, ఊపిరి బలంగా ఉంటాయి, కానీ ఎముకలు, స్నాయువులు నేల దెబ్బకు అలవాటుపడి ఉండవు. ఊపిరి సహకరిస్తోందని మొదటి నెలలోనే పది కిలోమీటర్లు పరిగెత్తితే కాళ్ళు దెబ్బతింటాయి. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట, నెమ్మదిగా మొదలుపెట్టాలి. తర్వాత బ్రెవెలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు, చేసే సైక్లిస్టులు. 13 గంటల 30 నిమిషాల గడువులో 200 కిలోమీటర్లు పూర్తి చేసే ఓర్పు ఉన్నవాళ్ళకు 90 కిలోమీటర్లు పెద్ద విషయం కాదు. వీళ్ళు సైకిల్‌కు వారానికి ఒక్క గట్టి రైడ్ ఉంచుకుని, ముందు ఈత, ఆ తర్వాత పరుగు చూసుకోవాలి. నాకు తెలిసి ఈ నియమాన్ని పాటించడం అందరికంటే వీళ్ళకే కష్టం. ఆదివారం గ్రూప్ రైడ్ వదులుకోవడానికి మనసు ఒప్పదు.

రన్నర్లు మాత్రం పరుగును వారానికి రెండు మూడుసార్లకు తగ్గించుకోవచ్చు. రెండు కంటే తగ్గించొద్దు. అందులో ఒకటి సైకిల్ దిగిన వెంటనే చేసే పరుగు, అంటే బ్రిక్, అయి ఉండాలి. పావుగంట చాలు.

ఇష్టం సంగతి

మీకు పోటీ ముఖ్యం కాకపోతే పైన రాసిన లెక్కలన్నీ పక్కన పెట్టి, ఇష్టమైనదానివైపే మొగ్గండి. ఏ పూట ఏ వ్యాయామం కోసం అలారం మోగకముందే లేస్తారో అదే మిమ్మల్ని పదేళ్ళు ఈ ఆటలో ఉంచుతుంది. ఏడాదికి ఒక స్ప్రింట్ చేసి సంతోషంగా ఉండేవాళ్ళు బలహీనతల వెంట పడాల్సిన అవసరం లేదు. 70.3 లాంటి గడువున్న పోటీకి డబ్బు కట్టినప్పుడు మాత్రం ఇష్టం ఒక్కటే దారి చూపదు. అప్పుడు కూడా ఇష్టమైనదాన్ని వారంలో ఒకసారి ఏ లక్ష్యం లేకుండా, వాచీ చూడకుండా చేసుకోండి.

ఎలా మొగ్గాలి

మొగ్గు ఏడాదంతా కాదు, ఎనిమిది వారాలు. ఎనిమిది గంటల వారంలో సైకిల్ వైపు మొగ్గితే మూడుసార్లలో నాలుగు గంటలు సైకిల్, రెండుసార్లు కలిపి గంటన్నర ఈత, రెండు మూడుసార్లలో రెండు గంటల పరుగు. మిగిలిన అరగంట నడుముకు, తుంటికి బలమిచ్చే వ్యాయామాలకు. ఈత వైపు మొగ్గితే నాలుగుసార్లు ముప్పావు గంట ఈత, రెండున్నర గంటల సైకిల్, రెండు గంటల పరుగు. తగ్గించినదాన్ని పూర్తిగా మానేయకుండా చూసుకుంటే చాలు.

మన క్యాలెండర్ కూడా ఈ వరుసకు సాయపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు పరుగు పెంచడం ఎలాగూ కుదరదు, నీళ్ళలో ఉండటమే హాయి. కాకపోతే పిల్లల సమ్మర్ క్యాంపులతో పూల్స్ నిండిపోతాయి కాబట్టి పొద్దున మొదటి బ్యాచ్ పట్టుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు సైకిల్ వంతు. వాన పడిన రోజు ట్రైనర్, తెరిపిచ్చిన రోజు రోడ్డు. గోవా పోటీ ఇప్పటివరకు అక్టోబర్, నవంబర్ నెలల్లో జరిగింది కాబట్టి సెప్టెంబర్ నుంచి మూడింటినీ కలిపి, బ్రిక్‌లు పెంచి, పోటీకి రెండు వారాల ముందు తగ్గించుకుంటే సరిపోతుంది.

ఏదివైపు మొగ్గాలో ఇంకా తేలకపోతే ఒకే వారంలో మూడు పరీక్షలు పెట్టుకోండి. ఒకరోజు 400 మీటర్లు ఆగకుండా ఈత. ఇంకోరోజు చదునైన దారిలో 20 కిలోమీటర్ల సైకిల్, దిగిన వెంటనే 5 కిలోమీటర్ల పరుగు. మూడోరోజు తాజా కాళ్ళతో 5 కిలోమీటర్ల పరుగు. ఈత మధ్యలో ఆగిపోతే మిగతావి చూడక్కర్లేదు, ఈతే. సైకిల్ తర్వాతి పరుగు, తాజా పరుగు మధ్య తేడా కిలోమీటరుకు 45 సెకన్లు దాటితే సైకిల్. తేడా తక్కువగా ఉండి రెండు పరుగులూ నెమ్మదిగానే ఉంటే పరుగు. ఈ 45 సెకన్ల గీత నా అనుభవంతో పెట్టుకున్నది, ఐదు పది సెకన్లు అటూ ఇటూ అయినా కంగారు పడొద్దు. ఎనిమిది వారాలయ్యాక అదే దారిలో, అదే సమయానికి, అదే పరీక్షలు మళ్ళీ పెట్టుకోండి. అప్పుడు వెనకబడి కనిపించినదానికే తర్వాతి ఎనిమిది వారాలు.